ఫ్లాపీకి పెట్టిన బొట్టు

"ఇంకేం నొక్కాలే ఇప్పుడు?" అన్నాడు మా ఆయన.

"సున్నా నొక్కి పడుకోండి" అన్నా.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. మంచం మీద పడుకోనే నవ్వినాడు, నవ్వుతా నవ్వుతా దగ్గినాడు. నేను కాఫీ కలుపుకోని వచ్చేలోపల పోయినాడు. తర్వాత చుట్టాలొచ్చి, చివర్లో ఏమన్నాడమ్మా, ఏమన్నాడమ్మా అని ఒకటే అడగడం. దేవుడి పేరు చెప్పినాడని అబద్ధం చెప్పినా. సున్నా గురించి మాట్లాడుకున్నామంటే ఎవురు నమ్ముతారు? అందుకే ఇదంతా మొదటి నుంచి చెప్తా ఉండా.

చెప్పేది నేను, రాసేది మా అన్న కూతురు. దానికి తమిళం గబగబా వస్తుంది, తెలుగు నిదానంగా వస్తుంది, కాబట్టి నేనూ నిదానంగా చెప్తా ఉండా. నాకు చదువు రాదు. నా పేరు గీకగలను. అంకెలు మాత్రం బాగా వచ్చు. బస్సు నంబరు, క్యాలెండరు, గడియారం, ఇవి చూసి చూసి వచ్చినాయి. గొంతు అంటావా, డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉంటుంది. అది మిరపకాయల పుణ్యం.

మేముండింది సౌకార్‌పేటలో, మిరపకాయల గోదాం పైన. మెట్లెక్కి మా ఇంటికొచ్చే ఏ మనిషైనా రెండు తుమ్ములు తుమ్మిందాకా నోరు తెరవలేడు. మా ఆయన టైపు మిషన్లు బాగు చేసేవాడు. ఆఫీసులోళ్లు టైపు మిషన్లు మూలన పడేసి కంప్యూటర్లు కొన్నారు. కొన్నాళ్లకు ఆ కంప్యూటర్లనూ మూలన పడేసి ఇంకా కొత్తవి కొన్నారు. ఈయన ఆ మూలన పడినవాటిని రిక్షాలో ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టినాడు. ఒకటి బీరువా పక్కన, ఒకటి మంచం కింద. తుడిచి, లోపల ఊది, చెవి పెట్టి వింటాడు. నాకు జ్వరమొస్తే అట్లా చెవి పెట్టి విన్నది లేదు.

లినక్సు అని ఒకటి ఉండాది. కంప్యూటరు లేచి కూర్చోని మన మాట వినాలంటే దాని లోపల ఒకటి ఉండాల గదా, అట్లాంటిది. ఎవురైనా తీసుకోవచ్చు, ఎవురైనా మార్చుకోవచ్చు, మార్చింది పదిమందికి పంచొచ్చు. కానీ అందరూ వాడే లినక్సు మా ముసలి మిషన్లకు మొయ్యలేని బరువు. దాన్ని కోసి, చెక్కి, ఒక్క ఫ్లాపీలో పట్టించాలని మా ఆయనకూ ఇంకో ఇద్దరికీ పిచ్చి పట్టింది. ఫ్లాపీ అంటే అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బిళ్ల, దానికి ఒక పక్క జరిగే రేకు మూత ఉంటుంది. ఆ ఇద్దరిలో ఒకరు కాలేజీలో లెక్కలు చెప్పే సారు, తమిళాయన. ఇంకొకరు మాధవరంలో పాల డెయిరీ ఆఫీసులో పనిచేసే ఆమె. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఫోను తీగ మీద వీళ్లకు ఉత్తరాలు రాసి, ఇది మార్చండి, అది సరి చెయ్యండి అని చెప్పేవాళ్లు. ఎవురికీ జీతం లేదు. ఆదివారం ఆదివారం మా ఇంట్లో కూడేది, నా ఇడ్లీలు తినేది, కొట్లాడుకునేది.

కొట్లాటంతా చోటు గురించే. ఒకటి కొత్తగా పెట్టాలంటే ఒకటి తియ్యాల, అది వాళ్ల కట్టుబాటు. తిరుపతి ప్రయాణానికి ఇంటిల్లిపాదికీ ఒకటే సంచి సర్దినట్టు. ఆ సర్దుడు చూసి చూసి నాకూ హుషారు పుట్టింది. ఒక ఆదివారం సారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మా, మీరు నడిపించండి చూస్తాం అన్నాడు. నాకు చేతనైందంటే ఊరికంతా చేతనైనట్టే అని లెక్క. ఇట్లా మొహం మీదే చెప్పినాడు, నేనేం అనుకోలేదు, నిజమే గదా. తెర మీద ఇంగ్లీషు మాటలు బారులు తీరి నిలబడినాయి. నేను లేచి పోయి చట్నీ రుబ్బుకున్నా. మళ్లీ వారం మాధవరం ఆమె నాకోసమని ఒకటి రాసుకోని వచ్చింది. నీలం గడిలో తెల్ల అంకెలు. ఒకటి నొక్కితే రాసుకునే కాగితం వస్తుంది. రెండు నొక్కితే కూడికలు. మూడు నొక్కితే పాము ఆట. ఆపేదానికి సున్నా పెట్టమని చెప్పింది నేను. ఎందుకంటే మా ఆయన టైపు మిషను మనిషి, పనైపోతే గుడ్డ కప్పి లేచిపోయే అలవాటు. కంప్యూటరును కూడా అట్లే వైరు పీకి వెళ్లిపోయేవాడు, రాసిందంతా పోయేది. సున్నా నొక్కండయ్యా, సున్నా నొక్కండయ్యా అని వెంటపడి అరిచేదాన్ని.

ఆ నాలుగు అంకెలతో నాకు రాజ్యం చిక్కినట్టు అయింది. పాము ఆటలో సారును ఓడించినా. పప్పు మాడబెట్టి మరీ ఓడించినా.

అప్పుడు మా వీధి చివర బడికి ఏదో ఆఫీసు వాళ్లు పది పాత కంప్యూటర్లు ఇచ్చినారు. మనవాళ్లు పోయి మా లినక్సు వేసిస్తామన్నారు. పెద్ద టీచరమ్మ గట్టి మనిషి. మా బడిలో నడిపించగలిగే మనిషి ఒకరు లేచి చూపించండి, లేదంటే పాత ఇనుము కొట్టుకు పంపేస్తా, ఆ గదిలో బెంచీలు వేసుకుంటా అంది. విజయదశమి పొద్దున చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తారు గదా, ఆ గడియలోనే చూపించాలని మాట అయింది. దాంతోపాటు ప్రశ్నపత్రాలు ప్రింటు చేసేదానికి కూడా ఉండాలంది.

ప్రింటు పెట్టాలంటే ఏదో ఒకటి తియ్యాల. ఆదివారం చేతులెత్తినారు. నీలం గడి ఎక్కువ చోటు తింటా ఉంది, తీసేద్దామని సారు చెయ్యెత్తినాడు. మాధవరం ఆమె తను రాసినదాన్నే తీసేదానికి చెయ్యెత్తింది. మూడో చెయ్యి మా ఆయనది. టీచరమ్మలకు ఆ ఇంగ్లీషు మాటలే నేర్పిస్తాంలే అన్నాడు. నన్ను అడిగినోళ్లు లేరు. నా అంకెలు పోతే నేను మళ్లీ చట్నీ దగ్గరికే పోవాల, ఆ బడిలో ఆయా కూడా అంతే. ఆ రోజు రసంలో ఉప్పు వెయ్యలేదు. ముగ్గురూ ఉప్పు అడక్కుండా తాగినారు, తప్పు తెలిసే తాగినారు.

మా ఇంట్లో ఫ్లాపీలు తక్కువ. పనికిరాదన్నదాన్ని తుడిచేసి మళ్లీ వాడేస్తారు. నా అంకెలున్న ఫ్లాపీని కూడా తుడిచేస్తాడని దాన్ని తీసి నా వక్కాకు సంచిలో దోపుకున్నా. ఎక్కడ పెట్టినావే అని ఆయన రెండు సార్లు అడిగినాడు. నాకేం తెలుసు, నాకు చదువు రాదు గదా అన్నా.

ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు పనిముట్లన్నీ కడిగి, పూజలో పెట్టి, మళ్లీ మర్నాటి దాకా ముట్టుకోకూడదు. స్క్రూడ్రైవర్లు, రెండు కంప్యూటర్లు, బడికని సిద్ధం చేసిన ఫ్లాపీలు, ఖాళీ ఫ్లాపీలు, అన్నీ పీట మీద పేర్చినా. పొరి, అదే బొరుగులు, శనగలు, బెల్లం పెట్టినా. గంధం తీసినా. కోపం ఒక పక్క, భక్తి ఒక పక్క, రెండూ కలిసి చెయ్యి బాగా ఆడింది. ఫ్లాపీ రేకు మీద బొట్టు పెడితే వాకిలి తలుపుకు పెట్టినట్టే గదా, లోపలున్న దేవుడికి పెట్టినట్టు కాదు గదా అని నాకు తోచింది. రేకు జరిపితే లోపల నల్లగా నిగనిగా మెరుస్తా ఉంది. అందులో గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టి, రేకు వదిలేసినా. టక్కున మూసుకుంది. ఒకదాన్ని కూడా వదల్లేదు. ఖాళీవాటికి కూడా పెట్టినా, పాపం అవి మాత్రం ఏం తప్పు చేసినాయని.

మర్నాడు బడికి పోయినాము. పక్క గదిలో చిన్నపిల్లలు బియ్యంలో వేళ్లు పెట్టి దిద్దుతా ఏడుస్తా ఉన్నారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకోని మొదటి మిషనులో ఫ్లాపీ పెట్టినాడు. కరకర, కరకర, కొబ్బరి తురిమినట్టు శబ్దం. ఇంకో ఫ్లాపీ తీసి రెండో మిషనులో పెట్టినాడు. మళ్లీ కొబ్బరి. పెద్ద టీచరమ్మ చేతులు కట్టుకోని చూస్తా ఉంది. ఆయన ఫ్లాపీ బయటికి లాగి, రేకు జరిపి, అట్లే నిలబడిపోయినాడు. సారు వంగి చూసినాడు. మాధవరం ఆమె వంగి చూసింది.

"ఎవురు పెట్టింది ఇది?" అన్నాడు మా ఆయన.

"ఎవురు పెడతారు? నేనే. బాగా కుదిరింది గదా" అన్నా.

మాధవరం ఆమె గోడకు మొహం పెట్టుకుంది. భుజాలు ఎగురుతా ఉన్నాయి. ఏడుస్తా ఉందనుకున్నా, నవ్వుతా ఉంది. సారు ఫ్లాపీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి చూస్తా ఉంటే లోపలి నుంచి ఒక్కో బొట్టు ఆయన వైపు చూస్తా ఉంది. ఇంటికి పోయి మళ్లీ ఎక్కించుకోని రావాలన్నా ఎక్కించేదానికి బొట్టు లేని ఫ్లాపీ ఒకటి లేదు. పండగ రోజు, అంగళ్లు మూసి ఉండాయి.

నేను చేసిన పని ఏమిటో అప్పుడు తెలిసింది. రాసిందంతా ఆ నల్ల బిళ్ల మీదే ఉంటుందంట, దానికి గంధం అంటితే మిషను చదవలేదంట. అంతలోనే సంచిలో ఉన్నది గుర్తుకొచ్చింది. దాన్ని పూజలో పెట్టలేదు గదా, పెట్టుంటే దొరికిపోయేదాన్ని గదా. ఆకులు పక్కకు నెట్టి తీసి మా ఆయన చేతిలో పెట్టినా. సున్నం అంటి ఉంటే చొక్కాకు తుడిచినాడు, ఇస్త్రీ చొక్కాకు. మూడో మిషనులో పెట్టినాడు. ఈసారి కొబ్బరి లేదు. గుర్రుమని తిరిగింది, తిరిగింది, నీలం గడి వచ్చి నిలబడింది. నా అంకెలు.

పెద్ద టీచరమ్మ ఒక్క మాటే అడిగింది, ఎవురు నడుపుతారు అని. ముగ్గురూ నన్ను చూసినారు. నేను కూర్చున్నా. ఒకటి నొక్కినా, కాగితం వచ్చింది. అక్షరాలు రావు కాబట్టి మా బస్సు నంబరు కొట్టినా. రెండు నొక్కి కూడిక చేసినా. మూడు నొక్కితే పాము వచ్చింది, పిల్లలు ఏడుపు మానేసి బియ్యం చేతులతోనే పరిగెత్తుకోని వచ్చినారు. బడి ఆయా నా వెనకాల నిలబడి చూసి, జరుగు అక్కా అని నన్ను లేపి తనే కూర్చుంది. దానికీ చదువు రాదు. అది పామును ఆడించింది. చివర్లో సున్నా నొక్కు అన్నా. నొక్కింది. మిషను మర్యాదగా నిద్రపోయింది. పెద్ద టీచరమ్మ కట్టుకున్న చేతులు విప్పి, బెంచీలు ఇంకెక్కడైనా వేసుకుంటాలే అంది.

మళ్లీ ఆదివారం మళ్లీ చేతులెత్తే పని. ప్రింటు కావాల, అంకెలూ కావాల, చోటు లేదు. ముగ్గురూ తలలు పట్టుకోని కూర్చున్నారు. నేను ఇడ్లీలు పెడతా, గడి నాకెందుకయ్యా, నీలం రంగు నాకెందుకు, అంకెలుంటే చాలదా, బస్సు మీద నంబరుకు గడి కడతారా అన్నా. సారు చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది. చోటు తినేదంతా ఆ గడి, ఆ రంగులంట. ఒట్టి అంకెలు నాలుగు వరసల్లో రాసేస్తే ఏమీ తియ్యాల్సిన పనే లేదంట. నా ముందరే కొట్టి చూపించినాడు, ఇడ్లీ చల్లారకముందే అయిపోయింది. నన్ను ముందే ఒక్క మాట అడిగి ఉంటే ఎంత గంధం మిగిలేది.

అప్పటి నుంచి ఇంకో కట్టుబాటు పెట్టుకున్నారు. నేను కూర్చోని నడిపించి సరే అనందే ఏదీ బయటికి పోకూడదు. చేసినవాళ్ల పేర్ల వరసలో నా పేరు కూడా ఎక్కించినారు, నాలుగో వరస. నేను చదవలేను, కానీ నాలుగు లెక్కపెట్టగలను. ఫ్లాపీతో పాటు పోయే కాగితంలో, రేకు మూత జరిపి లోపల బొట్టు పెట్టరాదు అని ఇంగ్లీషులో రాసినారు. ఏదో మంచు దేశం నుంచి ఒకాయన బొట్టు అంటే ఏమిటని ఉత్తరం రాసినాడు. సారు పేజీడు జవాబు ఇచ్చినాడు. ఆ మంచు దేశమాయన మళ్లీ రాసినాడు, మా ఇంట్లో ఫ్లాపీలన్నీ తెరిచి చూసుకున్నాము, దేవుడి దయ వల్ల ఒకదానికీ లేదు అని. మా ఆయన ఆ ఉత్తరాన్ని నాకు ఎన్ని సార్లు చదివి వినిపించినాడో. చదివిన ప్రతిసారీ నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగేవాడు.

మంచాన పడినాక కూడా అదే ఆట. మాత్ర వేసుకోవాలంటే ఒకటి నొక్కాలా అనేవాడు, పక్కకు తిప్పమంటే రెండు అనేవాడు. ఆ రోజు మాత్రం ఇంకేం నొక్కాలే అని నన్నే అడిగినాడు. నేను నిజంగా పడుకోమనే చెప్పినా పాపా. వైరు పీకి పోయే మనిషి, నా మాట విని పద్ధతిగా పోయినాడు.

చాల్లే, పెన్ను కింద పెట్టు. చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది, ఇంద, ఈ బెల్లం ముక్క నోట్లో వేసుకో. నేను విని సరే అనందే ఏదీ బయటికి పోకూడదని చెప్పినా గదా, ఇదీ అంతే. నాకు అర్థమైతే ఊరికంతా అర్థమైనట్టే. ఏదీ, మొదటి నుంచి చదువు. నిదానంగా చదువు, సున్నా దగ్గర నుంచి.