మా మేడం పెట్టిన ఒక్క షరతు

మొన్న ఆదివారం పొద్దున చర్చికి తయారవుతుంటే ఫోన్ వచ్చింది. మా కంప్యూటర్ మేడం పోయారు. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చి వారం కూడా కాలేదు.

హనుమకొండలో ఆమె దగ్గర చదువుకొని, తర్వాత అదే ల్యాబ్‌లో ఆమెతో పనిచేశాను. చక్కెర లేని టీని చేదుమందు మింగినట్టు మొహం పెట్టి తాగేవారు. ఎవరి ప్రోగ్రామైనా వేగంగా నడిస్తే, "ఉరుకుడు మంచిదే. ఎవరి కోసం ఉరుకుతున్నవో జర చూసుకో" అనేవారు.

విద్యార్థులు ఊళ్ల నుంచి తెచ్చిన మాటలతో పదకోశం చేయాలని ఆమె కోరిక. ఆ మాటలను అక్షర క్రమంలో పేర్చడానికి, నల్ల తెర మీద పేరు టైప్ చేస్తే నడిచే చిన్న కమాండ్లు రాశారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. షరతు ఒక్కటే: మార్చి పంచేవాళ్లు తాము మార్చిన కోడ్‌ను కూడా అందరికీ బయటపెట్టాలి.

నా క్లాస్‌మేట్ రఫీ అంటే ఆమెకు ప్రాణం. అతను ఆ కమాండ్లను కొత్త ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాసి తెచ్చాడు. ఒకే ఫైలు మీద రెండూ నడిపాం. మేడంది సగానికి రాకముందే రఫీది ముగిసింది. ఆమె చప్పట్లు కొట్టారు. తర్వాత రఫీ దానికి పెట్టిన లైసెన్స్, అంటే వాడుకునే షరతులు, చదివారు. ఎవరైనా తీసుకొని, మార్చి, కోడ్ చూపకుండా తాళం వేసుకోవచ్చని ఉంది.

"నాది చూసే రాసినవ్ గద బిడ్డా. నా షరతు ఏడ వోయింది?"

"ప్రతి లైనూ నేనే రాసిన మేడం. ఆ షరతుంటే కంపెనీలు ముట్టయి. ఎవరూ వాడకుంటే ఇంత స్పీడెందుకు?"

"రేపు వాళ్లు తలుపు మూస్తే?"

రఫీ నవ్వాడు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా అదే వాదన. ఒకసారి మేడం ఇంట్లో వడ్డించిన అన్నం ముట్టకుండానే లేచిపోయాడు.

ఒక కంపెనీ రఫీ కోడ్‌ను తీసుకొని, మార్చి, మూసేసింది. కాలేజీ కొన్న సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలో అదే వచ్చింది. అందులో అరసున్న ఉన్న మాటలు మాయమయ్యేవి. సరిచేద్దామంటే లోపలికి దారి లేదు. రాసిన మెయిళ్లకు జవాబు లేదు. వేరేది పెట్టుకోవడానికి కాలేజీ ఒప్పుకోలేదు; మేడంవి మరీ నెమ్మదన్నారు.

అప్పటికే మేడంకు క్యాన్సర్ ముదిరింది. తన పాత కమాండ్లకే వేగం తేవాలని పట్టుబట్టారు. మందులకు వేళ్లు మొద్దుబారితే ఆమె చెప్పేవారు, నేను టైప్ చేసేదాన్ని. తర్వాత మాట కూడా తడబడింది. పని సగంలో ఆగింది.

రఫీ దవాఖానకు వచ్చాడు. "లైసెన్స్ మారుస్త మేడం. మీ షరతే పెడత."

"ఇగ ముందట రాసేదానికి పెడతవ్. ఇచ్చేసింది ఎట్ల గుంజుకుంటవ్ బిడ్డా?"

ఆ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆమెకు నేను రుణపడినవి చాలా ఉన్నాయి. పదకోశం మాత్రం అలాగే మిగిలిపోయింది.

సమాధుల తోటలో అందరం తలా పిడికెడు మట్టి వేసి గేటు దాకా వచ్చాం. వెనక్కి చూస్తే రఫీ ఇంకా గుంత అంచునే ఉన్నాడు. మట్టి పట్టుకున్న చెయ్యి ముందుకు చాచి ఉంది. పిడికిలి విప్పలేదు.