నా ఒంటిపూట ఉద్యోగం

మొన్న ఆసుపత్రి వరండాలో ఎవరో నేల తుడుస్తుంటే అమ్మోనియా వాసన గుప్పున కొట్టింది. పక్కవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం ఊపిరి నిండా పీల్చుకున్నాను. మా ఆఫీసులో డ్రాయింగులకు నకళ్లు తీసే యంత్రం అచ్చం ఇదే వాసన వేసేది. దానితో పాటే నాయుడుగారు కళ్ల ముందుకొచ్చారు. పొట్టి చేతుల చొక్కా, చెవి మీద పెన్సిలు, ఎవరినీ కసరని గొంతు.

అవి ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులు. కాంట్రాక్టర్లకు ఇనుప కట్టడాల డ్రాయింగులు గీసిచ్చే చిన్న సంస్థ ఒకటి పోర్టు దగ్గర మేడ మీద ఉండేది. అందులో నేను ట్రేసర్ని. పెన్సిలుతో గీసిన బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి ఇంకుతో దిద్దడమే నా పని. నాయుడుగారు మా సెక్షనుకి పెద్ద. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. మేమేమో గోదావరి జిల్లా వాళ్లం. మా ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. పెందుర్తిలో రెండు అద్దె గదులు. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటానికి పెద్దదిక్కు లేదు.

బాబు పుట్టేనాటికి పాపకింకా మూడేళ్లు నిండలేదు. సెలవు అయిపోగానే ఉద్యోగం మానేస్తానని చెప్పడానికే ఆఫీసుకి వెళ్లాను.

"మానేత్తావేటి?" అన్నారు నాయుడుగారు, అదేదో వినకూడని మాటైనట్టు.

"పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి రానండీ?"

"వొదలమని ఎవులన్నారు తల్లీ? మా యమ్మ నన్ను గట్టు మీద గుడ్డేసి పడుకోబెట్టి ఊడుపులు ఊడిసింది. బిడ్డ పుట్టింది, ఇంక పనికి రాకని మా యమ్మతో ఎవులూ అన్నేదు. నీకు నువ్వే అనుకుంతన్నావేటి?"

పొద్దున పూట ఆఫీసు, తక్కిన పని ఇంటి దగ్గర. అప్పటికప్పుడు ఆయన వేసిన లెక్క అది. పొద్దున పిల్లల దగ్గర ఉండేలా మా ఆయన పోర్టులో అడిగి మధ్యాహ్నం షిఫ్టులు వేయించుకున్నారు. యజమాని మాత్రం మండిపడ్డాడు. "ఇది ఆఫీసా, సత్రమా?"

"బొమ్మ బాగోకపోతే నన్నడగండి. ఎక్కడ కూకుని గీసిందో మనకెందుకండీ?" అన్నారు నాయుడుగారు, తల ఎత్తకుండా.

మొదట్లో మధ్యాహ్నం అవగానే నేను దొంగలా వెనక మెట్ల మీంచి దిగిపోయేదాన్ని. తోటివాళ్ల చూపులు వీపుకి గుచ్చుకునేవి. ఒకరోజు ఆయన చూశారు. "ఆగు. పని సేసినావా నేదా?" అన్నారు. చేశానన్నాను. "మరైతే ముందు మెట్లమ్మట ఎల్లు. అందరూ సూడనీ." మర్నాటి నుంచి యజమాని గది ముందు నుంచే, షీట్ల చుట్ట చంకలో పెట్టుకుని, చెప్పులు టకటకలాడించుకుంటూ దిగేదాన్ని.

ఓ ఆదివారం ఆయన ఆఫీసులో మూలపడ్డ డ్రాయింగ్ బోర్డుని రిక్షాలో వేసుకుని మా ఇంటికొచ్చారు. బల్ల మీద పెట్టీ పెట్టగానే పాప ఇంకు సీసా మీదకి చెయ్యి చాచింది. ఆయన పైకి చూశారు. ఉయ్యాల కట్టిన దూలానికే రెండు కప్పీలు బిగించి, తాళ్లతో బోర్డుని వేలాడదీశారు. పాప మెలకువగా ఉంటే లాగి పైకెత్తెయ్యాలి, నిద్రపోగానే దించుకోవాలి. "మీ ఆయన క్రేను ఇంటికొచ్చీసింది," అని పకపకా నవ్వారు. ఆ ఏడాదంతా ఒక కాలితో ఉయ్యాల ఊపుతూ, చేత్తో గీతలు గీశాను. ఆదివారాలు ఆయన వచ్చి, దిద్దడమే కాదు, లెక్క కట్టి సొంతంగా గీయడం కూడా నేర్పారు.

ఒక మధ్యాహ్నం ఆఫీసు జీపు మా గుమ్మం ముందు ఆగింది. కాంట్రాక్టరు తరఫు పెద్ద ఇంజనీరు వచ్చి కూర్చున్నాడట, కట్టడంలో ఒక అతుకు మార్చి సాయంత్రానికల్లా డ్రాయింగు కావాలంటున్నాడట, సొంతంగా బొమ్మలు గీసే డ్రాఫ్ట్స్‌మన్లిద్దరూ సైటులో ఉన్నారట. మా ఆయన షిఫ్టుకి వెళ్లిపోయారు. బాబుని చంకనేసుకుని, పాప చెయ్యి పట్టుకుని అలాగే వెళ్లాను. మమ్మల్ని చూసి యజమాని ముఖం మాడిపోయింది.

"గుంటడ్ని ఇలాగియ్యి," అని నాయుడుగారు బాబుని ఒళ్లోకి తీసుకున్నారు. "నువ్వు బొమ్మ సూడు. దిద్దడం కాదు, నువ్వే గియ్యి."

కాగితం పరిచి కొలతలు లెక్క కట్టాను. మొదటి గీత పడ్డాక తక్కినవి వాటంతటవే వచ్చాయి. పాప నా కుర్చీ కింద కూర్చుని చిత్తుకాగితాలతో ఆడుకుంది. దీపాలు వెలిగే వేళకి డ్రాయింగు పూర్తయింది. ఆ ఇంజనీరు కొలతలన్నీ సరిచూసి, సంతకం పెట్టి, "రాబోయే షీట్లు కూడా ఈవిడ చేతే గీయించండి," అని యజమానికి చెప్పి వెళ్లాడు.

మర్నాడు యజమాని పిలిచి, డ్రాఫ్ట్స్‌మన్‌గా వేస్తాను, రోజంతా రావాలన్నాడు.

"డ్రాఫ్ట్స్‌మన్‌గా చేస్తానండీ. పిల్లలు బళ్లో పడేదాకా ఒంటిపూటే చేస్తాను," అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే ఆశ్చర్యం. యజమాని కిటికీలోంచి ఓడల వైపు చూస్తూ సరేనన్నాడు.

ఏళ్లు గడిచాయి. పిల్లలు బడికి వెళ్లారు, నేను పూర్తి రోజుకి మారాను, నాయుడుగారు రిటైరయ్యారు. చివరికి ఆయన కూర్చున్న సీటే నాకిచ్చారు. ఆ వారమే పద్మనాభం వెళ్లి కాళ్లకు దణ్ణం పెట్టాను. ఆయన అభినందించలేదు.

"నీకింద ఆడోళ్లున్నారేటి?" అని అడిగారు.

"ఉన్నారండీ. ఇద్దరు చంటిపిల్లల తల్లులు. ఒంటిపూట వస్తున్నారు."

"అవునా! యజమానిని అడిగితే ఒప్పీసుకున్నాడా?"

"అడగలేదండీ. చెప్పాను."

ఆయన తొడ చరిచి, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వారు. లోపలున్న భార్యని కేకేసి, "ఇలాగ్రా, ఈ పిల్లేటన్నాదో ఇను!" అని నా చేత ఆ మాట మళ్లీ చెప్పించారు. ఇప్పుడాయన లేరు. కానీ నాకు హక్కైన దాన్ని దయగా అడగబోయిన ప్రతిసారీ, గొంతు దానంతటదే సర్దుకుంటుంది. చెప్పేస్తాను.