ఐరిష్ గోడ మీద నవారు అల్లిక

శనివారం. పొద్దున చినుకులు, తర్వాత ఎండ. చెత్త బిన్లు కడిగాను.

పాల కోసం నేనూ మా ఆవిడా వెళ్తుంటే, మేముండే క్లాండాల్కిన్‌లో ఎల్లుండి తెరవబోయే సాఫ్ట్‌వేర్ ఆఫీసు గోడ మీద ఒకమ్మాయి ఐరిష్ వాళ్ల పాతకాలపు అల్లిక బొమ్మ వేస్తోంది. ఒక పట్టీ కిందనుంచి దూరాల్సిన చోట మళ్లీ పైనుంచే పోయింది. ఊళ్లో నవారు మంచాలు అల్లినవాణ్ణి, కన్ను అక్కడే ఆగింది.

“చెప్పండీ! మన మంచమైతే ఈపాటికి విప్పించేవారు,” అంది మా ఆవిడ.

చూపించాను. ఆ అమ్మాయి తల పట్టుకుంది. “అయ్యో, నిజమే! ఏ కాలేజీలో నేర్చుకున్నారు?” అని ఇంగ్లీషులో అడిగింది.

“మంచం దగ్గర,” అన్నాను.

నవ్వి, కుంచె నా చేతికిచ్చింది. “గ్రాండ్! అయితే మీరే దిద్దండి.”

ఆ గోడ మీద జానెడు ఆకుపచ్చ నాది. అటు వెళ్తే ఎక్కడుందో కనిపెట్టి చెప్పండి. ఇంటికొచ్చి టీ పెడదామని చూస్తే, పాలు తేవడమే మర్చిపోయాం.