నాలుగో ఏరేటరు స్విచ్చి

మొన్న ఆదివారం తాడేపల్లిగూడెంలో మా వంటింట్లో ఉన్నవి: గ్రైండరు, నానిన మినప్పప్పు, మా ఆవిడ, నేను. గ్రైండరు స్విచ్చి వేసిన ప్రతిసారీ ఇంటి కరెంటంతా పోతోంది. "మీటరు పక్కనున్న ఆ లీకేజీ డబ్బా పీకించేయండి బాబూ, మా పుట్టింట్లో అది లేకుండానే ఇన్నేళ్ళూ రుబ్బారు" అని ఆవిడ అనగానే నేను గ్రైండరు ప్లగ్గు తీసేశాను. ఒకసారి అలాంటి డబ్బా నేనే పీకేశాను గనుక.

డిప్లొమా పూర్తయిన ఏడాది అది. మనతో చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, జేబులో టెస్టరుంటే చాలు లోకమంతా మన చేతిలో ఉన్నట్టుండే రోజులు. కైకలూరు పక్కన మా మేనమామ రొయ్యల చెరువు మీద ఆరు ఏరేటర్లకు కొత్త బోర్డు నేనే బిగించి, అందులో లీకేజీ బ్రేకరు పెట్టాను. కరెంటు నీళ్ళలోకో మనిషిలోకో జారితే రెప్పపాటులో సరఫరా ఆపేసే పరికరమది.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఆ బ్రేకరు పదే పదే పడిపోయి కరెంటు ఆగిపోసాగింది. మబ్బు రోజున నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఏరేటర్లు నీళ్ళు చిలక్కపోతే పంటంతా పోతుంది. అప్పటికే రొయ్యలు గట్టువారకి చేరి పైకి తేలుతున్నాయి. పాఠంలో చెప్పినట్టు అన్నీ ఆపి ఒక్కొక్కటే వేసి చూశాను. నాలుగోది వేయగానే బ్రేకరు పడింది. దాన్ని వదిలేసి మిగతా ఐదూ తిప్పుదామన్నాను.

"ఐదు ఏమూలకి సరిపోతాయయ్యా ఇంజినీరూ? పక్క చెరువోళ్ళకి డబ్బా లేదు, గొడవా లేదు. తీసెయ్యవతల!" అన్నారు మామయ్య.

కాదనలేకపోయాను. రొయ్యలు చస్తే నా బోర్డు వల్లే అంటారన్నదే అప్పటికి నాకున్న పెద్ద భయం. మెయిను దించి, బ్రేకరును తప్పించి వైర్లు నేరుగా కలిపి, మళ్ళీ మెయిను ఎత్తాను. మామయ్య పైకి లెక్కపెడుతూ స్విచ్చులు వేయసాగారు. రెండోది వేశాక ఎందుకో తలెత్తి చెరువుకేసి చూశాను. నాలుగో ఏరేటరు దగ్గర, నడుము లోతు నీళ్ళలో, అత్తయ్య. అన్నీ ఆగిపోయాయి కదా అని, కొంగలు వాలకుండా కట్టిన దారం తెగి ఏరేటరు రెక్కలకు చుట్టుకుందేమో చూద్దామని, మాతో చెప్పకుండా దిగారు.

నేను అరిచేలోపే మామయ్య "మూడు" అన్నారు. ఆయన చెయ్యి పక్క స్విచ్చి మీదికి జరిగింది. నేను మెయిను మీద పడి రెండు చేతులా కిందికి లాగాను. టక్‌టక్‌మని రెండు చప్పుళ్ళు వినిపించాయి, నా మెయినుదీ ఆయన స్విచ్చిదీ; ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను. అత్తయ్య నిలబడే ఉన్నారు గనుక నాదే ముందయ్యుండాలి.

గట్టెక్కి, సంగతి విని, ఆవిడ నవ్వారు. "ఏవండీ, రొయ్యలకి ఊపిరందించడానికి నా ఊపిరి తీసేద్దామనుకున్నారా, మామా అల్లుడూ కలిసి?"

మెయిను దించే ఉంచి మేమిద్దరం నీళ్ళలోకి దిగి చూశాం. నాలుగో ఏరేటరు కింద వైరు అతుకు ఉంది. అక్కడందరూ చేసినట్టే దానికి సైకిలు ట్యూబు ముక్క చుట్టారు. అది పగిలి రాగి తీగ బయటపడి నీళ్ళలో ఉంది. మామయ్య స్క్రూడ్రైవరు నా చేతికిచ్చారు. బ్రేకరు తిరిగి బిగించి ఐదే తిప్పాం. రొయ్యలు కొన్ని పోయాయి.

ఇప్పుడు అక్కడి రైతులు ఊళ్ళో కూర్చుని సెల్‌ఫోనులోనే ఏరేటర్లు వేస్తున్నారు. ఆ రోజుల్లో స్విచ్చి వేసే చోటునుంచి, తలెత్తితే, కనీసం నీళ్ళు కనపడేవి. పోయిన నెల ఆ గట్టు పొడుగునా నడిచి ఒక్కో బోర్డూ తెరిచి చూశాను. పద్నాలుగు చెరువులు. లీకేజీ బ్రేకరున్నవి మూడు.