ఎడమ చెప్పు ఉదయం, కుడి చెప్పు మధ్యాహ్నం

“ఆ డబ్బా ఇప్పటిదాకా తిన్నదెంత, పెట్టిందెంత?”

అత్తగారు అడిగింది కోడలి కెమెరా గురించి. ఎదురుగా పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్న మనిషి కూడా జవాబు కోసం తల తిప్పి చూశాడు. కోడలు “గడ్డం కొంచెం పైకండీ” అని బటన్ నొక్కి, అప్పటికి తప్పించుకుంది.

వీధిలో ఆమెను క్లిక్కమ్మ అంటారు. మందుల షాపు పైన ఒకే ఒక గది ఆమె స్టూడియో. ఒక తెల్ల గోడ, ఒక కిటికీ, ఒక స్టూలు. లైటంటే సూర్యుడే. ఆ సూర్యుడికి అసిస్టెంటు అత్తగారు. కిటికీ వెలుగు మొహానికి ఒకవైపే పడుతుంది కాబట్టి, రెండోవైపు ఆవిడ తెల్లటి థర్మకోల్ అట్ట పట్టుకుని నిలబడి నీడ తగ్గిస్తుంది. బడిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. ఏడ్చే పిల్లల్ని ఒక్క చూపుతో స్టూలుకి అతికించేస్తుంది. చేతులు లాగినప్పుడు మాత్రం అట్ట వాలిపోతుంది, జనం సగం మొహాలతో ఇళ్లకి పోతారు.

క్లిక్కమ్మ ఒకచోట నిలవదు. బేరం లేకపోతే కాలు కాలిన పిల్లిలా మెట్లు ఎక్కుతుంది, దిగుతుంది. అదే గోడ ముందు అవే మొహాలు తీసి తీసి, ఈ మధ్య ఆమెకు మనుషులంతా గోడలాగే కనిపిస్తున్నారు. అలాంటి రోజుల్లో ఒక నాటకాల బృందం వచ్చింది. వెళ్లి ఫొటోలు తీసింది. స్టేజీ మీది చీకటికి అన్నీ అలికేసినట్టు వచ్చాయి.

“దెయ్యాల్లా ఉన్నామమ్మా,” అన్నాడు బృందం మేనేజరు. “మంచి లెన్సు తెచ్చుకో. వచ్చే నెల నుంచి ఊరూరా ఆడుతున్నాం, మాతో వద్దువుగాని.”

ఊరూరా అన్న మాట ఆమె చెవిలో దూరి మరి బయటికి రాలేదు.

చీకట్లో కూడా చూడగల లెన్సు ఒకటి పాత కెమెరాల షాపులో ఉంది. అదే బీరువా కింద రెండు స్టూడియో లైట్లు కూడా ఉన్నాయి, స్టాండ్లతో సహా. దేన్ని తీసుకున్నా ముప్పై వేలు. ఆమె కూడబెట్టిందీ అంతే. లెన్సు కొంటే గదిలోంచి బయటపడుతుంది. లైట్లు కొంటే గది బాగుపడుతుంది. “కెమెరాదేముంది, చూసే కన్నుండాలి” అనే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల మెడలో లక్ష రూపాయల కెమెరా వేలాడుతూ ఉంటుంది. కన్ను ఆమెకూ ఉంది. కన్నుకి కనపడింది కెమెరాకి కనపడటం లేదనే ఆమె గొడవంతా.

బస్సు కండక్టరైన భర్తని అడిగితే “నీ ఇష్టం” అన్నాడు. ఆ మాటలో ప్రేమ ఎంతుందో గానీ సాయం మాత్రం చిల్లిగవ్వంత కూడా లేదు. అత్తగారు మాత్రం తేల్చి చెప్పింది.

“లెన్సే కొనుక్కో అమ్మాయ్.”

“నేను ఊళ్లు పట్టుకుని తిరిగితే మీకు ఫర్వాలేదా అత్తయ్యా?”

“తిరిగి తిరిగి నువ్వే వస్తావు. ఆ లైట్లొచ్చాయంటే నేనెక్కడికి పోవాలి? ఇంట్లో కూర్చుని బల్లుల్ని లెక్కపెట్టుకోనా?”

ఇంతలో చెప్పుల షాపాయన రెండు గోనెసంచుల సరుకుతో మెట్లెక్కాడు. ఫోన్లో అమ్మకం మొదలుపెట్టాడట. ప్రతి చెప్పుకీ విడివిడిగా ఫొటో కావాలన్నాడు. అత్తగారికి బడి అలవాటు పోలేదు. ఎడమవన్నీ ఒక వరస, కుడివన్నీ ఒక వరస నిలబెట్టింది. ఎడమ వరస ఉదయం అయింది. అన్నాలు తిని కుడి వరస మధ్యాహ్నం తీశారు.

ఫొటోలు చూసి ఆయన ఒక ఎడమదాన్నీ దాని కుడిదాన్నీ పక్కపక్కన పెట్టాడు.

“అమ్మా, కాలికొక రంగు చెప్పులు నా షాపులో లేవే!”

నిజమే. ఉదయం, కిటికీలోకి ఎండ రాకముందు తీసిన ఎడమవి నీలంగా ఉన్నాయి, మధ్యాహ్నం నేరుగా పడ్డ ఎండకి కుడివి పసుపురంగు తిరిగాయి.

“ఎండ మారిందండీ.”

“నేను డబ్బిచ్చేది మీకా, ఎండకా? వారంలో మళ్లీ తీసివ్వండి. కుదిరితే నెలనెలా సరుకు మీకే. లేదా ఇంకో స్టూడియో చూసుకుంటాను.”

ఆయన మెట్లు దిగాక అత్తగారు కిటికీని తిట్టింది.

మర్నాడు క్లిక్కమ్మ డబ్బు సంచిలో వేసుకుని పాత కెమెరాల షాపుకి వెళ్లింది. లెన్సు బిగించి, షాపులో అన్నిటికంటే చీకటి మూలకి గురిపెట్టింది. అక్కడొక పాత తోలు సంచి, దాని కుట్లు, కుట్ల మధ్య దుమ్ము. అన్నీ విడివిడిగా కనిపించాయి. కెమెరా కంటి మీంచి దించబుద్ధి కాలేదు.

“ప్యాక్ చేయమంటారా మేడమ్?”

“ఒక్క ఫోన్ చేసుకోనివ్వండి.”

మేనేజరు వెంటనే ఎత్తాడు. “లెన్సు కొంటున్నానండీ. మరి నాకెంతిస్తారు?” అని అడిగింది.

మేనేజరు నవ్వాడు. “కళాకారులం, మనలో మనకి డబ్బేమిటమ్మా? తిండీ బసా మావే. డబ్బు మాటెత్తితే ఇంక కళెక్కడుంటుంది?”

“మీరు టికెట్టు అమ్ముతారు కదండీ?”

“అది హాలు అద్దెకమ్మా.”

ఆమె ఫోను పెట్టేసి, లెన్సు విప్పి బల్ల మీద పెట్టింది.

“నచ్చలేదా మేడమ్?”

“నచ్చింది. అదే నా ఏడుపు. ఆ లైట్లు బయటికి తీయండి.”

తెలివైన పని చేశానన్న తృప్తి ఆమెకు రవ్వంత కూడా కలగలేదు. స్టాండ్లు భుజాన వేసుకుని, దారిలో ఎవరైనా పలకరిస్తే కొట్టేలా నడిచింది. అత్తగారు మొదటిరోజు లైట్ల వైపు వీపు పెట్టి కూర్చుంది. “పట్టపగలు దీపాలేమిటే, కరెంటు బిల్లు మీ నాన్న కడతాడా?” అంటూ కోడలు టీకి వెళ్లినప్పుడల్లా ఆర్పేసింది. రెండోరోజు ఉండబట్టలేకపోయింది. “ఆ నల్లబూటులో దీపం కనిపిస్తోంది, ఎడమకి జరుపు. అంత కాదు!” అంది. ఆ తర్వాత వాటిని జరిపే పని ఆవిడదే అయింది.

చెప్పుల షాపాయన కొత్త ఫొటోలు చూసి, “ఇప్పుడు ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి” అని మురిసిపోయి, పై నెల సరుకు కూడా దించి వెళ్లాడు.

బయటి ఎండ లైట్లలో కలవకూడదని ఇప్పుడా కిటికీకి నల్లగుడ్డ కట్టారు. ఫొటోకీ ఫొటోకీ మధ్య క్లిక్కమ్మ వెళ్లి దాని అంచు ఎత్తి చూస్తుంది.

“ఏముందక్కడ?”

“ఏం లేదత్తయ్యా.”

“మరెందుకు చూస్తావు? చెప్పు పెట్టాను, రా.”

రెండు నెలల ఫొటోలకి చెప్పుల షాపాయన ఇవ్వాల్సింది పద్దెనిమిది వేలు. ఇచ్చింది ఆరు. పన్నెండు ఇంకా రావాలి.