నటరాజస్వామి ముందు మేకుల బూట్లు

అమెరికాలో, మా ఫ్రీమాంట్‌లో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, తిరిగి వచ్చేటప్పుడు నా కాళ్ళకున్న బూట్లు నావి కావు. గుమ్మం దగ్గర గుట్టగా పడి ఉంటాయి. అందరివీ ఒకే నలుపు, ఒకే సేల్‌లో కొన్నవి. పోయినసారి నాకు దక్కినవి ఒక సైజు చిన్నవి. వాట్సాప్ గ్రూప్‌లో అడిగితే చాలామంది సానుభూతి తెలిపారు. బూట్లు మాత్రం ఎవరూ తెచ్చివ్వలేదు.

ఉగాది సంబరాల రోజు ఆ బూట్లలోనే కాళ్ళు కుక్కుకుని హాలుకు వెళ్ళాను. మా తెలుగు సంఘం సాంస్కృతిక కమిటీలో నేనూ ఒకణ్ణి. అంటే, ఏదైనా తేడా వచ్చినప్పుడు అందరికీ గుర్తొచ్చే మనిషిని. ఆ ఏడు మెక్సికన్ జానపద నృత్య బృందాన్ని పిలుద్దామన్నది నేనే. దాన్ని నడిపే ఆవిడకు యాభై దాటి ఉంటాయి. మెక్సికోలో ఊరూరా తిరిగి, ముసలి నర్తకుల దగ్గర అడుగులు నేర్చుకుని వచ్చింది. ఇక్కడ డాన్సర్లకు జీతాలిచ్చి మరీ ఆ నృత్యాన్ని వృత్తిగా నిలబెట్టింది. శనాదివారాల సరదాగా మిగిలితే తన తర్వాత ఇది ఉండదని ఆవిడ భయం. ఫోన్‌లో ఒకటే షరతు పెట్టింది: నేర్చుకున్నది నేర్చుకున్నట్టే ఆడతాం, ఏమీ మార్చం. మార్చమన్న రెస్టారెంట్లనూ పెళ్ళిళ్ళనూ వదులుకున్నామని కూడా చెప్పింది. నేను వెంటనే ఒప్పుకున్నాను. మార్చమని ఎవరడుగుతారు?

మా అధ్యక్షుడు అడిగాడు.

బృందం వేదిక మెట్ల దగ్గర రంగురంగుల పావడాలతో సిద్ధంగా నిలబడి ఉంది. పైన ఒక మూల నటరాజ విగ్రహం, దాని ముందు దీపం. అధ్యక్షుడు వాళ్ళ కాళ్ళవైపు చూసి నన్ను పక్కకు లాగాడు.

"స్టేజ్ మీద బూట్లేంది తమ్మీ? అక్కడ స్వామి ఉన్నడు కద."

"స్వామిని కాసేపు పక్కన పెడదామా అన్నా?"

"స్వామిని జరుపుతవా? వాళ్ళని సాక్స్‌లతోని చెయ్యమను. అడ్జస్ట్ అయితరు."

ఆయన చిత్తశుద్ధిని శంకించలేం. తన బూట్లు కూడా ఆ మెట్ల కిందే విడిచాడు. ఖరీదైన సూటు కింద, సాక్సులోంచి బొటనవేలొకటి లోకాన్ని చూస్తోంది.

వెళ్ళి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. తన బూటు ఒకటి విప్పి, తిరగేసి, నా చేతిలో పెట్టింది. మునివేళ్ళ దగ్గరా మడమ దగ్గరా వరసగా మేకులు, అరిగి మెరుస్తున్నాయి. అవి చెక్క మీద మోగడమే నృత్యమంది. పాట మధ్యలో వాద్యాలు ఆగి పాదాలకు చోటిస్తాయి, అక్కడ సాక్సులతో గెంతితే మీ వాళ్ళు వినేదేమిటని అడిగింది. బూట్లు కుదరకపోతే వ్యానెక్కి వెళ్ళిపోతామంది.

ఆ ముక్క అధ్యక్షుడికి మోసుకెళ్ళాను. ఆయన వృత్తిరీత్యా మేనేజర్. ఏ సమస్య వచ్చినా, ఇంకొకరు చెయ్యాల్సిన పరిష్కారం ఆయన దగ్గర సిద్ధంగా ఉంటుంది. బూట్ల చప్పుడు యూట్యూబ్‌లో దొరుకుతుందట, డీజే ప్లే చేస్తాడట, వీళ్ళు కాళ్ళు కదిపితే చాలట. ఈసారి స్వయంగా వచ్చి ఆవిడకు ఇంగ్లీషులో వివరించాడు. ఇది మా కల్చర్ అని కూడా చేర్చాడు. ఆవిడ మా కల్చర్‌ను తల నుంచి సాక్సు దాకా ఓపిగ్గా చూసింది.

అప్పుడే కూచిపూడి ఐటమ్ ముగించిన ఆడపిల్లలు మెట్లు దిగి మా మధ్యలోంచి వెళ్ళారు. హాల్లో చప్పట్లు ఇంకా ఆగలేదు. వాటిని దాటి వాళ్ళ కాళ్ళ గజ్జెలు ఘల్లుమంటున్నాయి. ఆ చప్పుడు గ్రీన్‌రూమ్ తలుపు వెనక అణిగేదాకా ఆవిడ ఆగింది. తర్వాత నా చేతిలోని బూటు తీసుకుని తొడుక్కుంది. పట్టీ బిగించుకుంటూ, తలెత్తకుండానే అధ్యక్షుడితో అంది:

"ముందు ఆ పిల్లల గజ్జెలు విప్పించండి. ఆ చప్పుడు కూడా యూట్యూబ్‌లో దొరుకుతుంది."