జనం పెరగని గ్రహం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఆయన పాత కంప్యూటర్ ఒకటి కొన్నాడు. ఏదో కోర్సు నేర్చుకుంటానన్నాడు. నేర్చుకుంది లేదు. స్నేహితుడిచ్చిన సీడీలో అంతరిక్షం ఆట ఒకటుంటే, అతను స్టీలు ప్లాంటు డ్యూటీకి వెళ్ళాక క్వార్టర్‌లో కూర్చుని నేనే ఆడేదాన్ని.

ఎండిపోయిన గ్రహం మీద జనాన్ని దింపి, ఆ జనాభాను పెంచాలి. ఇళ్ళు కట్టాను, పంటలు వేయించాను, ఆసుపత్రి పెట్టాను. కూటికీ గూటికీ లోటు లేదు. అయినా పిల్లలు పుట్టరే! వాళ్ళ మనసు ఎలా ఉందో చూపించే గీత ఒకటి పక్కనే ఎర్రగా వెలుగుతుండేది. నాకు తెలిసిందల్లా ప్లాంటు పద్ధతే. మూడు షిఫ్టులు పెట్టి, ఆదివారం కూడా డ్యూటీ వేశాను మరి.

మాకూ పిల్లల్లేరు. మాది మేనరికం, మేనత్తే నాకు అత్త. ఎలమంచిలి నుంచి ఫోన్ చేస్తే చాలు, "ఏటే, ఏటైనా ఇసేసముందా?" అనేది. నువ్వెలా ఉన్నావని ఒక్కసారీ అడగలేదు. పుండు మీద కారం చల్లడంలో ఆవిడకి ఆవిడే సాటి.

ఆడపడుచు సీమంతానికి పూర్ణా మార్కెట్‌లో గాజులు నేనే ఏరి తెచ్చాను. ముందురోజు అత్త ఫోన్ చేసింది. బావ, అంటే మా ఆయన, "అలాగేనమ్మా" అని పెట్టేశాడు.

"ఏటంట?"

"గాజులు పిల్లల తల్లులే తొడగాలంట. నిన్ను వంటకాడ సూసుకోమంది."

ఏడుపు తన్నుకొచ్చింది. తల తిప్పుకుని ఆట వైపు చూశాను. అతనూ చూశాడు.

"ఇన్ని ఇళ్ళు కట్టినావు, జనం పెరగట్నేదేటే?"

"ఆళ్ళు సుకంగా నేరు బావా. ఎలాగున్నారని ఎవులూ అడగట్నేదు."

అన్నం కూడా తినకుండా షిఫ్టుకి వెళ్ళిపోయాడు. ఈ మనిషి ఒక్కసారైనా నా తరఫున నోరు విప్పుతాడా అన్నదే నా బాధ.

మర్నాడు ఎలమంచిలిలో విప్పాడు. ముత్తయిదువల మధ్యకి వచ్చి, అత్త చేతిలోని గాజుల పళ్ళెం లాక్కుని నా చేతిలో పెట్టాడు. "ఇది తెచ్చిన గాజులు. ముందు ఇదే తొడుగుతాది."

నాకు గుండె పొంగిపోయింది. రెండు గాజులు తీసి, చిన్నప్పుడు నేనే జడలు వేసిన ఆడపడుచు ముందు కూర్చున్నాను.

ఆ పిల్ల కళ్ళనిండా భయం. చెయ్యి మెల్లగా పైటకొంగు కిందికి లాక్కుంది.

"వదినా, ఏటీ అనుకోకే" అంది.